గుర్గావ్ పనికి గుల్మార్గ్ మంచు అతికించాలంటే

మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను, చదివే మిగతావాళ్లకీ తెలియాలి కదా. రుషికొండలో ఉద్యోగం. జనవరి 19 సోమవారం నుంచి గురువారం దాకా గుర్గావ్‌లో ఆఫీసు పని. శుక్రవారం పొద్దున ఆరు గంటల విమానానికి శ్రీనగర్, మధ్యాహ్నానికల్లా గుల్మార్గ్. శని, ఆదివారాలు స్నోబోర్డింగ్, అంటే పాదాలకి ఒక పలక బిగించుకుని మంచు వాలు మీద జారే ఆట. 26 సోమవారం సెలవు కాబట్టి ఆ రోజు తిరుగు ప్రయాణం. మంగళవారం పొద్దున పదింటికి వైజాగ్ ఆఫీసులో క్లయింటుకి ప్రెజెంటేషన్. ఇంతవరకు మంచు మొహం చూడలేదు. బోర్డు కొనాలా, అద్దెకు దొరుకుతుందా, ఆఫీసు బట్టలూ చలి బట్టలూ ఒకే పెట్టెలో పడతాయా అని మీ ప్రశ్నలు.

బోర్డు కొనకండి. ఒక పెట్టె, ఒక బ్యాక్‌ప్యాక్ చాలు. ఇవి తేలిగ్గా తేలిపోయేవే. అసలు చిక్కు మీరు అడగని చోట ఉంది: ఆ మంగళవారం పదింటి ప్రెజెంటేషన్. దాన్ని కదపలేకపోతే ఈ ట్రిప్పు పెట్టుకోవద్దు. గురువారానికి జరపగలిగితే హాయిగా వెళ్లిరండి.

నా సంగతి రెండు ముక్కల్లో. పరవాడ వైపు ఫార్మా ఫ్యాక్టరీల్లో ఫ్రీజ్ డ్రయర్లు సర్వీసు చేయడం నా పని. ఇంజెక్షను మందుని గడ్డకట్టించి, ఆ గడ్డ నీరు కాకుండా నేరుగా ఆవిరయ్యేలా చేసి, మందుని పొడిగా మిగిల్చే యంత్రాలవి. హిమాచల్ ప్రదేశ్‌లోని బద్దిలో కూడా ఫార్మా ఫ్యాక్టరీలు బోలెడు, అందుకని ప్రతి చలికాలం నాలుగైదు సార్లు అటు వెళ్తాను. మెషీన్ మీద మైనస్ 50 అంకె చూసి చూసి, బయట మైనస్ 5 ఎలా ఉంటుందో చూద్దామని ఎనిమిదేళ్ల కిందట మనాలీ దాకా పోయాను. అప్పటినుంచి ఏటా పని పక్కనే మూడు రోజులు మంచు కోసం దాచుకుంటున్నాను. ఇప్పటికీ గొప్ప విన్యాసాలేం చేయలేను, పడకుండా కిందికి రాగలను. ప్రయాణం ఎన్ని రకాలుగా పాడవుతుందో మాత్రం బాగా తెలుసు.

మనకి మంచు అన్నది ఒకటే మాట. లంబసింగిలో తెల్లారగట్ల కమ్మేసేదీ మంచే, గడ్డి మీద చుక్కలూ మంచే, ఆకాశంలోంచి పడేదీ మంచే. మీ వారంలో ఒకదాని తర్వాత ఒకటి ఎదురవుతాయి. మొదటిది ఢిల్లీ పొగమంచు.

జనవరిలో అక్కడ తెల్లవారుజాము నుంచి తొమ్మిది, పదింటి దాకా పొగమంచు దట్టంగా ఉంటుంది. రన్‌వే మీద 50 మీటర్లు కనబడితే చాలు, విమానం దిగేందుకు ఢిల్లీలో ఏర్పాటు ఉంది. దాన్ని క్యాట్ త్రీ అంటారు. అయితే విమానంలో ఆ పరికరాలు ఉండాలి, పైలట్‌కి ఆ శిక్షణ ఉండాలి. గాల్లోకి లేవడానికి మాత్రం 125 మీటర్లు కనబడాలి. దాంతో వచ్చిన విమానాలు వచ్చినట్టే ఆగిపోతాయి, గేట్లు ఖాళీ కావు, వెనకవాళ్లు ఆకాశంలో చక్కర్లు కొడుతుంటారు. శ్రీనగర్‌లో అయితే క్యాట్ త్రీ లేదు, అక్కడ దిగాలంటే ఇంకా చాలా దూరం కనబడాలి. ఇంకో సంగతి, మీరు మధ్యాహ్నం ఎక్కబోయే విమానం పొద్దున్నే ఏ పాట్నాకో పోయి రావాల్సినదై ఉంటుంది. అక్కడ ఆగిన గంట సాయంత్రానికి మూడు గంటలవుతుంది.

మీరు వెళ్లే వారంలో దీనికి తోడు మరో మెలిక ఉంది. రిపబ్లిక్ డే పరేడ్ రిహార్సళ్ల కోసం 26కి ముందు దాదాపు వారం రోజులు ఢిల్లీ ఆకాశం రోజూ రెండు గంటలకు పైగా మూసేస్తున్నారు. ఈ మధ్య సంవత్సరాల్లో ఆ వేళలు ఉదయం 10.20 నుంచి 12.45 దాకా. ఆ లోపల ఏదీ దిగదు, ఏదీ లేవదు. ఇప్పుడు మీ ఆరు గంటల విమానం సంగతి ఆలోచించండి. పొగమంచుకి నాలుగు గంటలు ఆగిందా, మూత వేళ మొదలవుతుంది. లౌంజిలో కాఫీ తాగుతూ ఒంటిగంట చేస్తారు. దానికంటే హోటల్లో కడుపునిండా టిఫిన్ చేసి, ఒంటిగంట తర్వాతి విమానం పట్టుకోవడం మేలు.

ఇది ఎవరో చెబితే నేర్చుకున్నది కాదు. ఆరేళ్ల కిందట వైజాగ్ నుంచి ఢిల్లీకి ఒక టికెట్, ఢిల్లీ నుంచి శ్రీనగర్‌కి ఇంకో కంపెనీలో ఇంకో టికెట్ కొన్నాను, పదిహేను వందలు మిగిలాయని మురిసిపోతూ. ఢిల్లీ పైన నాలుగు చక్కర్లు కొట్టి మా విమానం జైపూర్‌లో దిగింది. తలుపులు తీయలేదు. మూడు గంటలు అలాగే కూర్చున్నాం. నా పక్క సీటులో విజయనగరం పెద్దాయన ఒకరు, కూతురి ఇంటికి వెళ్తున్నారు. విస్తరాకులో కట్టిన పులిహోర విప్పి, ముందు నాకు పెట్టి తర్వాత తను తిన్నారు. ఆ రోజు కలిసొచ్చింది ఆ పులిహోర ఒక్కటే. ఢిల్లీ చేరేసరికి శ్రీనగర్ విమానం వెళ్లిపోయింది. కౌంటర్లో అమ్మాయి మర్యాదగానే చెప్పింది, "మీ రెండు టికెట్లకీ సంబంధం లేదు కదా సార్, మా లెక్కలో మీరు రాలేదు" అని. మొత్తం డబ్బు పోయింది.

అందుకని తిరుగు ప్రయాణానికి శ్రీనగర్ నుంచి వైజాగ్ దాకా ఒకే పీఎన్‌ఆర్ మీద టికెట్ తీసుకోండి. ఒకటి తప్పితే రెండోది చూసే బాధ్యత వాళ్లదవుతుంది. వాతావరణం వల్ల రద్దయితే టికెట్ డబ్బో, మరో విమానమో ఇస్తారు. నష్టపరిహారం మాత్రం రాదు. టెర్మినల్ కూడా చూసుకోండి. ఢిల్లీలో టీ1, టీ3 పక్కపక్కన లేవు, మధ్యలో టాక్సీయో బస్సో ఎక్కాలి.

ఇప్పుడు మీ వారాన్ని నేనైతే ఇలా మారుస్తాను. గురువారం రాత్రి గుర్గావ్‌లో కాకుండా ఎయిర్‌పోర్టు దగ్గర పడుకోండి. శుక్రవారం మధ్యాహ్నం విమానానికి శ్రీనగర్. అదే రోజు గుల్మార్గ్ ఎక్కే ఆత్రం వద్దు. ఆరింటికల్లా పొద్దు గుంకుతుంది, మంచు రోడ్డు మీద రాత్రి ప్రయాణం అక్కడి డ్రైవర్లే ఇష్టపడరు. రాత్రికి శ్రీనగర్‌లో ఉండి, శనివారం పొద్దున ఎనిమిదింటికి బయల్దేరండి. గుల్మార్గ్ యాభై కిలోమీటర్లే. టంగ్‌మార్గ్ దాకా మామూలు కారు వెళ్తుంది. అక్కడినుంచి పైకి పదమూడు కిలోమీటర్లు, మంచు పడితే టైర్లకి చెయిన్లు కట్టిన బండో, ఫోర్ బై ఫోర్ జీపో ఎక్కాలి. పదిన్నరకి వాలు దగ్గర ఉంటారు. శని, ఆది, సోమ మూడు రోజులు బోర్డు మీద. మంగళవారం తిరుగు ప్రయాణం, బుధవారం ఖాళీ. అంటే సెలవు రోజు పోగా, శుక్రవారంతో కలిపి మూడు రోజులు లీవు అడగాలి.

బుధవారం ఖాళీ ఎందుకని అడుగుతారు. మంగళవారం మంచు పడి శ్రీనగర్ రన్‌వే మూసేస్తే మీ దగ్గర ఇంకో రోజు మిగలాలి. మూయకపోతే ఇంట్లో బట్టలు ఉతుక్కోండి, తుంటికి వేడి నీళ్ల కాపడం పెట్టుకోండి, రెండూ అవసరమే. చాలామంది ఈ ఖాళీ రోజుని ముందు పెట్టుకుంటారు, మంచు దగ్గర. నా లెక్కలో అది తిరుగు దారిలో ఉండాలి. వెళ్లేటప్పుడు ఆలస్యమైతే పోయేది మీ సరదా, వచ్చేటప్పుడు ఆలస్యమైతే పోయేది ఆఫీసులో మీ మాట. రెండోసారి లీవు అడిగినప్పుడు అది గుర్తొస్తుంది, మీకూ మీ మేనేజర్‌కీ. నేను మా బాస్‌కి వెళ్లేముందే చెప్పేస్తాను, "మంచు చూడ్డానికి పోతున్నాను, ఒక రోజు అటూ ఇటూ అవుతుంది" అని. జ్వరమని అబద్ధం చెప్పి ఎండకి కాలిన ముక్కుతో తిరిగొచ్చిన కొలీగ్ ఒకడున్నాడు మాకు.

రెండు రోజులకైనా వెళ్లొద్దామా అంటే నేను వద్దనే అంటాను. మొదటి రోజు పడటంతోనే సరిపోతుంది. రెండో రోజు ఒళ్లు నొప్పులతో సగం పూట పోతుంది. సరదా మొదలయ్యేది రెండో రోజు మధ్యాహ్నం. అప్పుడే పెట్టె సర్దుకోవాలంటే ఏం లాభం? ఏడాదిలో రెండేసి రోజుల ట్రిప్పులు మూడు వేసుకునే బదులు నాలుగు రోజులది ఒకటి వేసుకోండి, ఖర్చూ తక్కువే.

గుల్మార్గే ఎందుకు, దగ్గర్లో ఇంకేం లేవా అంటే ఉన్నాయి. ఉత్తరాఖండ్‌లోని ఔలీ బాగుంటుంది గాని డెహ్రాడూన్ నుంచి కొండ రోడ్డు మీద ఒక పూర్తి రోజు. ఔలీ కిందున్న జోషీమఠ్‌లో నేల కుంగడం మొదలయ్యాక, 2023 జనవరిలో అక్కడి రోప్‌వే కూడా ఆపేశారు. మీ వారానికి అది కుదరదు. సిమ్లా పైన నార్కండా చిన్నది. మనాలీ దగ్గరి సోలంగ్ నాకు ఇష్టం, కారణం బద్దికి దగ్గర కావడమే. చండీగఢ్ వెనక్కి రాకుండా నాలాగఢ్, స్వార్‌ఘాట్, బిలాస్‌పూర్, మండీ, కులూ మీదుగా నేరుగా మనాలీ వెళ్లిపోవచ్చు. పోయిన చలికాలం బుధవారం పని ముగించి, రాత్రి బద్దిలోనే పడుకుని, గురువారం ఆరింటికి టాక్సీ ఎక్కితే మూడింటికి మనాలీలో ఉన్నాను. శనివారం మంచు పడింది. నెహ్రూ కుండ్ దగ్గర పోలీసులు ఫోర్ బై ఫోర్ తప్ప మిగతావి ఆపేశారు. జీపు కోసం లైన్లో నిలబడే సగం పూట పోయింది. సోలంగ్‌లో వాలు చిన్నది, దాని మీద రబ్బరు ట్యూబులు, మంచు స్కూటర్లు, సెల్ఫీలు. కొత్తవాడు బోర్డు మీద అదుపు తప్పితే ఎవరో ఒకరి మీద పడతాడు. గుర్గావ్ నుంచి వెళ్లే మీకు గుల్మార్గే సరి.

అయితే అక్కడ మంచు ఉంటుందా? కశ్మీరీలు డిసెంబరు 21 నుంచి నలభై రోజుల్ని చిల్లై కలాన్ అంటారు, గట్టి చలి రోజులు. ఆ తర్వాత ఇరవై రోజులు చిల్లై ఖుర్ద్, ఆపైన పది రోజులు చిల్లై బచ్చా. మీరు వెళ్లేది చిల్లై కలాన్ చివర్లో. లెక్కప్రకారం మంచు మోకాళ్ల లోతు ఉండాలి. కాని ఈ మధ్య లెక్క తప్పుతోంది. 2024 జనవరిలో గుల్మార్గ్ మైదానం మట్టి రంగులో కనబడింది, మంచు జనవరి చివర్లో గాని పడలేదు. 2025లో ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌ని ఫిబ్రవరిలో మంచు చాలక మార్చికి జరిపారు. మీ గుర్గావ్ పని ఫిబ్రవరి మూడో వారానికి మారే వీలుంటే అదే మంచిది. పొగమంచు తగ్గుతుంది, ఆకాశం మూతా ఉండదు, హోటళ్లలో లాంగ్ వీకెండ్ రద్దీ ఉండదు.

మనకి బంగాళాఖాతంలో అల్పపీడనం ఎలాగో అక్కడ వెస్టర్న్ డిస్టర్బెన్స్ అలాగ. మధ్యధరా సముద్రం వైపు నుంచి తేమ మోసుకొచ్చి హిమాలయాల మీద మంచుగా దింపుతుంది. మూడు, నాలుగు రోజుల ముందు వాతావరణ శాఖ చెప్పేది చాలావరకు నిజమవుతుంది, పది రోజుల ముందు ఫోన్ యాప్ చూపించేది నమ్మకండి. శుక్రవారం రాత్రి శ్రీనగర్ హోటల్లో కూర్చుని చూడండి. మీ తిరుగు రోజునే గట్టి మంచు ఉందని చెబితే ఒకరోజు ముందే దిగిపోవడానికి సిద్ధపడండి.

ఇక పెట్టె. పైన ఆఫీసు బట్టలు, కింద చలి బట్టలు అని రెండు ప్రపంచాలు వద్దు. గుర్గావ్‌లోనూ ఆ రోజుల్లో ఏడెనిమిది డిగ్రీలే, చొక్కా కింద వేసుకున్న థర్మల్ అక్కడా పనికొస్తుంది. రెండు జతల థర్మల్స్, ఒక ఫ్లీస్, దాని మీద నీళ్లు దిగని జాకెట్, ప్యాంటు. జాకెట్, ప్యాంటు అక్కడే అద్దెకు దొరుకుతాయి. నూలు బనియన్ మాత్రం ఇంట్లో వదిలేయండి. మన ఉక్కకి అది దేవుడు, అక్కడ చెమట పీల్చుకుని ఆరకుండా ఒంటికి అంటుకుని చంపుతుంది. ఉన్ని సాక్సులు మూడు జతలు, ఒకసారికి ఒకటే జత. చలేస్తోందని రెండు జతలు తొడిగితే బూటు బిగిసి రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి, ఇది నా సొంత కాళ్ల మీద తేలిన నిజం. నీళ్లు దిగని గ్లవ్స్ కొనుక్కోండి, అద్దెకు ఇచ్చేవి నిన్నటివాళ్ల చెమటతో తడిగా ఉంటాయి. శీతాకాలంలో మన ఊళ్లో రోడ్డు పక్క అమ్మే ఉన్ని గ్లవ్స్ చూడ్డానికి బాగుంటాయి, మంచులో రెండు నిమిషాల్లో తడిసి ముద్దవుతాయి. సన్‌స్క్రీన్ తప్పనిసరి. కొత్త మంచు తన మీద పడ్డ అతినీలలోహిత కిరణాల్లో ఎనభై శాతం దాకా తిరిగి పైకి కొడుతుంది. నా మొదటి ఏడాది గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచుల్లో కాలింది, నెత్తిన టోపీ పెట్టుకుని కూడా.

కొబ్బరి నూనె సీసా తీసుకెళ్తే అది రాయవుతుంది. ఆవకాయ చేతి సంచిలో పెట్టకండి, సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు, చెక్-ఇన్ పెట్టెలో నాలుగు కవర్లు చుట్టి పెట్టండి. తిండికి మాత్రం బెంగ వద్దు, కశ్మీరీలూ మనలాగే అన్నం మనుషులు. హాక్ అని ఆకుకూర పులుసులా వండుతారు, వేడన్నంలో కలుపుకుంటే ఇల్లు గుర్తొస్తుంది.

ఫోను ఒకటి మర్చిపోకండి: బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూకశ్మీర్‌లో పనిచేయదు. మీ ఆఫీసు నంబరు పోస్ట్‌పెయిడ్ అయితే సరే, లేకపోతే ముందే మార్చుకోండి. చలికి బ్యాటరీ అరగంటలో సగం పడిపోతుంది, ఫోను లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచండి. లాప్‌టాప్ బయటి చలి నుంచి వెచ్చటి గదిలోకి తేగానే ఆన్ చేయకండి, లోపల తేమ పడుతుంది. గంట ఆగండి.

ఇప్పుడు అసలు ఆట. అద్దె దుకాణంలో బోర్డు నిలబెడితే పైకొస మీ గడ్డానికీ ముక్కుకీ మధ్య రావాలి. బూటు కట్టుకుని మునివేళ్ల మీద లేవండి, మడమ లోపల లేచిందంటే ఆ బూటు వద్దు. మీ ముందు కాలు ఏదో ఇక్కడే తేల్చుకోండి. తడి గచ్చు మీద జారేటప్పుడు సహజంగా ఏ కాలు ముందుకెళ్తుందో అదే. ఎడమదైతే రెగ్యులర్, కుడిదైతే గూఫీ. అది చెప్పకపోతే దుకాణంవాడు అందరికీ ఎడమ కాలే ముందు పెట్టి బిగిస్తాడు. నేను గూఫీ అని తెలియక ఒక పూటంతా తిరగేసి తొక్కాను. ముందు పాదం పదిహేను డిగ్రీలు బయటికి, వెనక పాదం ఆరు డిగ్రీలు రెండో వైపు బయటికి ఉండేలా బైండింగ్, అంటే బూట్లని బోర్డుకి బిగించే పట్టీలు, పెట్టమనండి.

గుల్మార్గ్‌లో నాకు నేర్పినాయనకి యాభై పైబడి ఉంటాయి, టంగ్‌మార్గ్ మనిషి. నా హిందీ ఆయనకీ, ఆయన హిందీ నాకూ సగమే అర్థమయ్యేవి. చేతిలో వెదురు కర్ర. నేను వంగాల్సింది నడుము దగ్గర కాదు, మోకాళ్ల దగ్గర అని చెప్పి చెప్పి విసిగి, ప్రతిసారీ ఆ కర్రతో మోకాలి వెనక తట్టేవాడు. తట్టగానే మోకాలు వంగేది, వంగగానే బోర్డు నిలబడేది. మూడు రోజుల తర్వాత వైజాగ్‌లో సిటీ బస్సులో నిలబడి ఉంటే బ్రేకు పడింది, మోకాళ్లు వాటంతటవే వంగాయి.

పడటానికి కారణం ఒక్కటే, అది అర్థమైతే సగం ఆట వచ్చినట్టే. ఇసుకని పారతో తోస్తున్నప్పుడు పార అంచు కొంచెం పైకి ఉంటే జారుతుంది, అంచు ఇసుకలో దిగిందా, పిడి వచ్చి పొట్టలో పొడుస్తుంది. బోర్డు కూడా అంతే. వాలుకి అడ్డంగా నిలబడినప్పుడు కొండ వైపు అంచు మంచులో దిగి ఉండాలి, పల్లం వైపు అంచు లేచి ఉండాలి. ఒక్క క్షణం బరువు పల్లం వైపు అంచు మీద పడితే అది మంచులో గుచ్చుకుంటుంది, మీరు చెంపదెబ్బ తిన్నట్టు నేలకి కొట్టుకుంటారు. మొదటి రోజు మలుపులు తిప్పే ప్రయత్నమే చేయకండి. మడమ అంచు మీద నిలబడి, రాలే ఆకులా కాస్త ఎడమకి, కాస్త కుడికి జారుతూ దిగండి. ఆ తర్వాత అదే పని మునివేళ్ల అంచు మీద. ఈ రెండూ కుదిరితే మలుపు మూడో రోజుకి దానంతటదే వస్తుంది.

పడేటప్పుడు అరచేతులు ఆనించకండి. కొత్తవాళ్లకి ఎక్కువగా విరిగేది మణికట్టే. పిడికిళ్లు బిగించి ముంజేతుల మీద పడండి. వెనక్కైతే గడ్డం ఛాతీకి ఆనించి, పిరుదుల మీద కూర్చున్నట్టు దొర్లండి. హెల్మెట్ లేకుండా బోర్డు ఎక్కకండి. స్కేటింగ్ రిస్ట్ గార్డులు, మోకాలి ప్యాడ్లు వైజాగ్‌లోనే కొనుక్కోండి. ఇప్పటినుంచి వెళ్లేదాకా వారానికి మూడు రోజులు ఆర్కే బీచ్‌లో మెత్తటి ఇసుక మీద నడవండి, ఒక ఆదివారం సింహాచలం మెట్లు ఎక్కండి. దిగేటప్పుడు తొడలు వణుకుతాయి చూడండి, సరిగ్గా ఆ కండరాలే కావాలి.

పొద్దున్నే తొమ్మిదింటికే వాలు మీదికి పరిగెత్తకండి. నిన్న మధ్యాహ్నం ఎండకి కరిగిన పైపొర రాత్రి గడ్డకట్టి అద్దంలా ఉంటుంది. దాని మీద అంచు దిగదు, పడితే సిమెంటు మీద పడ్డట్టే. పదిన్నర దాటాక కాస్త మెత్తబడుతుంది. వాలు పక్కన పైకి లాక్కెళ్లే డ్రాగ్ లిఫ్టు స్కీ వాళ్లకి తేలిక, బోర్డు వాళ్లకి నరకం. మొదటి రోజు దాని జోలికి పోకండి. బోర్డు చంకన పెట్టుకుని పైకి నడవండి, వెచ్చగానూ ఉంటుంది.

గొండోలా, అంటే కొండ పైకి వెళ్లే కేబుల్ కారు గురించి అడగలేదు గాని, అడుగుతారు. గుల్మార్గ్ దాదాపు 2,650 మీటర్లు, మొదటి దశ కొంగ్‌డూరి దాకా, రెండో దశ అఫర్వాట్ కొండ భుజం మీద సుమారు 3,950 మీటర్ల దాకా వెళ్తుంది. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, లాంగ్ వీకెండ్‌లో త్వరగా అయిపోతాయి. గాలి ఎక్కువైతే రెండో దశ ఆపేస్తారు. ఆకాశం బాగుంటే చూడ్డానికి వెళ్లండి, బోర్డు కింద వదిలేసి. సముద్రం పక్కనుంచి వెళ్లిన మనకి ఆ ఎత్తులో నాలుగు అడుగులకే ఆయాసం వస్తుంది, తలనొప్పి మొదలైతే దిగిపోవడమే మందు. రెండో దశ నుంచి కిందికి బోర్డు మీద రావడం చూస్తే నోరూరుతుంది. అక్కడ 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్ మంచు చరియల కింద పోయారు. ఆ వాలు మీదికి వెళ్లేవాళ్ల దగ్గర బీకన్ (మంచు కింద పూడినవాళ్ల జాడ తెలిపే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ఉంటాయి, వాటిని వాడటం వచ్చిన తోడు ఉంటుంది. ఇన్సూరెన్స్ కాగితం కూడా ఒకసారి చదవండి, మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటిలో ఇలాంటి ఆటలు కలవవు.

తిరుగు రోజున విమానానికి మూడు గంటల ముందు శ్రీనగర్ ఎయిర్‌పోర్టు గేటు దగ్గర ఉండేలా లెక్క వేసుకోండి. టెర్మినల్‌కి చాలా ముందే అందరినీ దింపి సామాను స్కాన్ చేస్తారు, ఆ లైను ఒక్కోసారి రోడ్డు మీదికి వస్తుంది. అది వైమానిక దళం రన్‌వే, మన వైజాగ్‌లో డేగా రన్‌వే నేవీ వాళ్లదైనట్టు. ఫోటోలు తీయకండి.

నా దగ్గర రిస్ట్ గార్డులు ఒక జత అదనంగా ఉన్నాయి, మీడియం సైజు. పట్టీ ఒకటి కాస్త వదులైంది గాని పనిచేస్తాయి. కావాలంటే మెసేజ్ పెట్టండి, ఎన్‌ఏడీ జంక్షన్ వైపు వచ్చినప్పుడు ఇస్తాను. ఫిబ్రవరి మొదటి వారంలో మాత్రం నాకు తిరిగి కావాలి, ఈసారి బద్దికి మా తమ్ముడు కూడా వస్తానంటున్నాడు.